ఓడ ఊగే మోడల్‌కి పి-విలువ సున్నా వస్తా ఉంది, తప్పు ఎక్కడ?

తిరుచానూరు_తెప్ప
పది రోజులుగా దీంతోనే కొట్టుకుంటా ఉన్నా, ఎవరన్నా చూసి చెప్పండి. నాది స్టాటిస్టిక్స్ పీజీ ప్రాజెక్టు. అలలు ఒక లెక్కాపత్రం లేకుండా వస్తా ఉంటే ఓడ పక్కలకి ఎంత ఒరుగుతుంది, ఆ కోణాలు ఏ పంపిణీలో పడతాయి అనేది టాపిక్.

నేను పెట్టుకున్న ఓడ సహజ ఊపు కాలం 12 సెకన్లు. అలలకి బ్రెట్‌ష్నైడర్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ అలలో ఎంత శక్తి ఉందో చెప్పే సూత్రం), సిగ్నిఫికెంట్ ఎత్తు (అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు) 3 మీటర్లు, సరిగ్గా పక్క నుంచి కొడతాయి. ఫ్రీక్వెన్సీ సెకనుకి 0.2 నుంచి 1.2 రేడియన్ల దాకా 100 కొసైన్ తరంగాలు తీసుకుని, ఒక్కోదానికీ యాదృచ్ఛికంగా ఫేజు ఇచ్చి కూడినా. డాంపింగ్‌లో (ఊపుని అణిచే బలం) వేగంతో పెరిగే లీనియర్ ముక్క, వేగం వర్గంతో పెరిగే క్వాడ్రాటిక్ ముక్క రెండూ ఉన్నాయి. ఓడని తిరిగి నిలబెట్టే బలం మాత్రం సరళరేఖే. పైథాన్‌లో మూడు గంటల రికార్డు, సెకనుకి 10 పాయింట్లు, మొత్తం 1,08,000. కోణాల సిగ్మా (ప్రామాణిక విచలనం) 5 డిగ్రీలు వచ్చింది.

కోణాలు నార్మల్‌గా (గంట ఆకారం పంపిణీలో) ఉన్నాయా అని కోల్మోగొరోవ్–స్మిర్నోవ్ (కె-ఎస్) పరీక్ష పెడితే పి-విలువ, అంటే నిజంగా నార్మలే అయితే ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం, 0.000. గైడు గారు "మోడల్ తప్పు, డేటా పెంచు" అన్నారు. ఆరు గంటలకి పెంచినా. ఇంకా ఎక్కువ సున్నా. వైవాకి ఇరవై రోజులే ఉంది.

కొండమెట్టు_3550
ఇంకా ఎక్కువ సున్నా 😂 అదెట్లబ్బా?

సరే గానీ తిరుపతిలో కూర్చుని ఓడ ప్రాజెక్టు ఏంది సామీ. కపిలతీర్థంలో కట్టేసి పెట్టినావా?

పాకాల_జంక్షన్
కొండమెట్టూ, సూళ్ళూరుపేట, పులికాట్ మన జిల్లాలోకి వచ్చి ఎన్నేళ్ళయింది, మ్యాపు చూడు ఒకసారి.

కొండమెట్టు_3550
పులికాట్‌లో మోకాలు లోతు. ఆడ ఓడ ఊగదు, కూర్చుంటాది.

సిగ్మా_సార్
తప్పు మోడల్‌ది కాదు నాయనా, పరీక్షది. ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పి రిటైరైనా, ఇప్పటికీ పిల్లలు ఇక్కడే కాలు జారుతున్నారు.

ఆ పరీక్ష పుస్తకంలో మొదటి వాక్యం ఏమని ఉంటుంది? నమూనాలు పరస్పరం స్వతంత్రం అని. నీ ఓడ ఈ క్షణం 8 డిగ్రీలు ఒరిగి ఉంటే సెకనులో పదో వంతు తర్వాత ఎంత ఉంటుంది? ఇంచుమించు 8. ఆ రెండో పాయింటు కొత్తగా చెప్పిందేమిటి? వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒకే కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న ఒకే మనిషిని సెకనుకి పదిసార్లు "ఎంతసేపయింది స్వామీ" అని అడిగి, లక్షమంది భక్తులని సర్వే చేసినా అని రాసుకున్నట్టుంది.

ఎంత దూరం జ్ఞాపకం ఉంటుందో డాంపింగ్ చెబుతుంది. క్రిటికల్ డాంపింగ్‌లో (అసలు ఊగకుండా ఆపేసేంత డాంపింగ్) 5 శాతం అనుకో. 12 సెకన్ల ఊపుకి కోణీయ వేగం 0.52. ఆ రెండింటి గుణకారాన్ని తిరగేస్తే 38 సెకన్లు. అంటే ఒక పెద్ద అల తోసిన తోపు 38 సెకన్ల దాకా ఓడ ఒంట్లో మిగిలే ఉంటుంది. మూడు గంటల్ని 38తో భాగించు. నీ దగ్గర ఉన్నది లక్ష పాయింట్లు కాదు, 280 పాయింట్ల పాటి సరుకు. ముందు ఆటోకోరిలేషన్ (ఇప్పటి కోణం, కొంతసేపటి తర్వాతి కోణం ఎంత పోలి ఉన్నాయో) గీసి ఇక్కడ పెట్టు.

తిరుచానూరు_తెప్ప
గీసినా సార్. ఊగుతా ఊగుతా రెండు మూడు నిమిషాల్లో సున్నాకి వచ్చేసింది, మీరు చెప్పినట్టే. కానీ 628 సెకన్ల దగ్గర మళ్ళీ లేచి 1కి పోయింది. 1256 దగ్గర మళ్ళీ 1. ఇదేం దయ్యం?

పాకాల_జంక్షన్
628 అంటే 6.28ని 0.01తో భాగించినట్టు ఉంది. నీ ఫ్రీక్వెన్సీలు 0.20, 0.21, 0.22 అని సమానంగా పెట్టుకున్నావా?

తిరుచానూరు_తెప్ప
అవునన్నా.

పాకాల_జంక్షన్
దొరికింది దొంగ. సమాన ఎడంలో ఉన్న కొసైన్లన్నీ 2పై బై ఎడం సెకన్లకొకసారి ఒకే చోట కలుసుకుంటాయి. నీ సముద్రం పదిన్నర నిమిషాలకి ఒకసారి మొదటి నుంచి మొదలవుతా ఉంది. అల రిపీటైతే ఓడా రిపీటే. మూడు గంటల రికార్డంటే పదిన్నర నిమిషాలది 17 జిరాక్స్ కాపీలు. ఆరు గంటలకి 34.

కొండమెట్టు_3550
గైడు గారు డేటా పెంచమంటే జిరాక్స్ షాపుకి పోయినట్టుంది. బాలాజీ కాలనీలో ఇంకా తక్కువకే తీస్తారు.

సిగ్మా_సార్
అయితే నా 280 కూడా అబద్ధమే. 628ని 38తో భాగిస్తే పదహారు. పదహారు పాయింట్లతో నార్మల్ అవునో కాదో తేల్చేస్తున్నాం. నేను స్పెక్ట్రమ్ ఎట్లా కట్టినావో అడగకుండానే మాట్లాడినా, పాకాల కుర్రోడు బాగా పట్టుకున్నాడు.

పుత్తూరు_టు_వైజాగ్
నేను నేవల్ ఆర్కిటెక్చర్ వాణ్ణి, ఊరు పుత్తూరు, ఉద్యోగం విశాఖలో. పైన ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఇంకో సంగతి ఎవరూ అనలేదు. అసలు నార్మల్ రావాలని ఎవరన్నారు?

అల నార్మల్, ఓడ లీనియర్ (తోపు రెట్టింపైతే ఊపూ రెట్టింపు) అయితే ఊపు కూడా నార్మల్. 1953లో సెయింట్ డెనిస్, పియర్సన్ ఇద్దరూ కలిసి గజిబిజి సముద్రంలో ఓడ కదలికలకి దారి వేసింది ఈ నమ్మకం మీదే. అల స్పెక్ట్రమ్‌ని ఓడ స్పందన వర్గంతో గుణిస్తే ఊపు స్పెక్ట్రమ్ వచ్చేస్తుంది, దాని వైశాల్యం సిగ్మా వర్గం. ఓడ ముందుకీ వెనక్కీ ఊగేదానికి, పైకీ కిందకీ లేచేదానికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పక్క ఊపు దగ్గరే పేచీ. ఎందుకంటే పక్క ఊపుకి డాంపింగ్ చాలా తక్కువ, ఉన్న కాస్తా నీటి సుడుల వల్ల వచ్చేది. సుడుల బలం వేగం వర్గంతో పెరుగుతుంది. చిన్న ఊపుని పట్టించుకోదు, పెద్ద ఊపుని గట్టిగా పట్టుకుంటుంది. దాంతో పంపిణీ తోకలు కత్తిరించినట్టు అవుతాయి. తమ్ముడూ, నీ కుర్టోసిస్ (తోకల బరువు కొలత, నార్మల్‌కి 3) ఎంత?

తిరుచానూరు_తెప్ప
2.76 అన్నా. దాన్నే తప్పు అనుకున్నా.

పుత్తూరు_టు_వైజాగ్
అదే రైటు. 3 కంటే తగ్గాలి. క్వాడ్రాటిక్ డాంపింగ్ పెట్టి 3 వచ్చుంటే కోడ్ అనుమానించాలి.

లెక్క చేతితో సరిచూసుకోవాలంటే ఒక పాత ఉపాయం ఉంది. క్వాడ్రాటిక్ ముక్కని దానికి సమానమైన లీనియర్ ముక్కగా మార్చు. గుణకం 8 బై పై వర్గమూలం, అంటే 1.6 దగ్గర, దాన్ని ఊపు వేగం సిగ్మాతో గుణించాలి. ఆ సిగ్మా ఏమో జవాబులో ఉంటుంది, అందుకని ఒకటి ఊహించుకుని నాలుగైదు సార్లు తిప్పితే స్థిరపడుతుంది. సిగ్మా బాగానే వస్తుంది. తోకలు మాత్రం రావు, ఎందుకంటే మార్చిన మరుక్షణం మళ్ళీ నార్మల్ అయిపోయింది.

ఇంకోటి. ఓడని ఒరగదోసేది అల ఎత్తు కాదు, అల వాలు. ఫ్రౌడ్ 1861లోనే చెప్పిన మాట. నువ్వు ఎత్తు స్పెక్ట్రమ్‌నే నేరుగా తోపుగా పెట్టుకోలేదు కదా?

తిరుచానూరు_తెప్ప
లేదన్నా, ఫ్రీక్వెన్సీ వర్గం బై జి (గురుత్వ త్వరణం) తో గుణించినా. అది ఒక్కటన్నా సరిగ్గా చేసినా 🙏

బ్రిడ్జి_మీద_పలమనేరోడు
సెకండ్ ఆఫీసరుగా చేసి దిగిపోయినా, ఇప్పుడు పలమనేరులో ఆవులు మేపుకుంటా ఉండా. మీరంతా సిగ్మా సిగ్మా అంటా ఉండారు, ఓడ మీద ఎవరూ సిగ్మా చూడరు. మేం చూసేది స్టాప్‌వాచ్. ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయి మళ్ళీ వచ్చేదానికి ఎన్ని సెకన్లు. పది ఊపులు లెక్కేసి పదితో భాగిస్తాం. ఓడ వెడల్పుని 0.8తో గుణించి, జీఎం (ఒరిగిన ఓడ ఎంత గట్టిగా తిరిగి నిలబడుతుందో చెప్పే కొలత, మీటర్లలో) వర్గమూలంతో భాగిస్తే కాలం వస్తుంది, మోటు లెక్క. 32 మీటర్ల వెడల్పు ఓడకి జీఎం 1 మీటరైతే 25 సెకన్ల పైన, 4 మీటర్లైతే 13 లోపే. కాలం పెరగతా పోతా ఉంటే చీఫ్ ఆఫీసర్ మొహం చూడాలి. అంటే జీఎం తగ్గతా ఉంది, ఏదో ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ ఆడతా ఉన్నాయి అని అర్థం.

ఒకసారి బల్క్ క్యారియర్‌లో ఇనుప ఖనిజం పోసుకుని పోతా ఉండాము. ఖనిజం బరువెక్కువ, అడుగునే కూర్చుంటుంది, జీఎం విపరీతం. ఊపు కోణం చూస్తే 12, 13 డిగ్రీలే. కానీ ఆ విసురు! గాలి గుడ్డ విదిలించినట్టు. వంటాయన సాంబారు మూడు రోజులు వండలేదు. ఇంకోసారి కంటైనర్ ఓడ, నెమ్మదిగా ఉయ్యాల మాదిరి, హాయిగా నిద్రపట్టేది. భయపడాల్సింది ఆ రెండోదానికి.

కొండమెట్టు_3550
మన ఘాట్ రోడ్డు బస్సు మాదిరి అనమాట. డ్రైవర్ నిదానంగా తిప్పితే నిద్ర, విదిలిస్తే కిటికీ.

తిరుచానూరు_తెప్ప
మా తిరుచానూరు పద్మసరోవరంలో తెప్ప అస్సలు ఊగదు, దానికి జీఎం ఎంత ఉంటుందన్నా?

బ్రిడ్జి_మీద_పలమనేరోడు
వెడల్పెక్కువ, నీళ్ళలో మునిగేది కొంచెం. అట్లాంటిదానికి జీఎం మీటర్లకి మీటర్లు ఉంటుంది. పైగా ఆడ అలెక్కడిది, అమ్మవారి ముందు నీళ్ళు కూడా గమ్మునుంటాయి.

తోతాపురి_డ్రమ్ము
నాది వేరే బాధ. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల పని చూస్తా. ఇరవై అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు, ఒక్కోటి 215 కిలోలు, చెన్నై పోర్టు నుంచి పోతాయి. మొన్నామధ్య ఒక కంటైనర్ అవతలి ఒడ్డున తలుపు తీస్తే డ్రమ్ములు సొట్టలు, లోపల సంచులు చిరిగి గుజ్జు కారిపోయి ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళు మీ ప్యాకింగ్ సరిలేదన్నారు. ఓడ వాళ్ళు ఊపు మామూలుగానే ఉండింది, సగటు 5 డిగ్రీలే అన్నారు. 5 డిగ్రీలకి డ్రమ్ము సొట్టపోతుందా?

సిగ్మా_సార్
సగటు అన్నది వాళ్ళ తెలివి. సగటు 5 అంటే గరిష్ఠం ఎంతో అడగాల్సింది. అది సిగ్మా అనుకుందాం. ఊపు శిఖరాలు రేలీ పంపిణీలో ఉంటాయి. రేలీ 1880లో శబ్ద తరంగాలు కూడితే ఏమవుతుందో లెక్క వేస్తూ పట్టుకున్నది, 1952లో లాంగెట్-హిగ్గిన్స్ దాన్ని సముద్రపు అలల ఎత్తులకి తెచ్చాడు. మూడు గంటల్లో 12 సెకన్ల ఊపులు 900. ఆ ఊపుల సంఖ్య సహజ లాగరిథమ్‌ని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే 3.69, దాన్ని 5తో గుణిస్తే 18.4 డిగ్రీలు. మీకు సగటు అని చెప్పిన ఓడే ఆ మూడు గంటల్లో ఒకసారి 18 ఒరిగి ఉంటుంది.

పుత్తూరు_టు_వైజాగ్
సార్, ఇక్కడ ఒక చిక్కు. ఆ 18.4 గరిష్ఠానికి హద్దు కాదు, అన్నిటికంటే ఎక్కువగా కనపడే గరిష్ఠం. దాన్ని దాటే అవకాశం 63 శాతం. డిజైన్ ఆఫీసుల్లో కూడా దీన్ని "ఇంతకి మించదు" అని చదివేవాళ్ళని చూశాను.

డ్రమ్ముల సంగతి. 20 డిగ్రీలు ఒరిగితే బరువులో 0.34 వంతు పక్కకి తోస్తుంది. కంటైనర్ ఊపు కేంద్రానికి 20 మీటర్ల పైన, డెక్ మీద అంతస్తులో ఉంటే, 12 సెకన్ల ఊపుకి ఇంకో 0.2 కలుస్తుంది. మొత్తం 0.54. మీ 80 డ్రమ్ములు 17.2 టన్నులు, అంటే 9 టన్నుల పైచిలుకు ఒక పక్క గోడ మీద. పలమనేరు అన్న చెప్పిన విసురు ఇదే. అదే ఓడకి కాలం 9 సెకన్లైతే ఆ 0.2 కాస్తా 0.35 అవుతుంది.

తోతాపురి_డ్రమ్ము
9 టన్నులా! అదీ ఆరు సెకన్లు ఈ గోడ మీద, ఆరు సెకన్లు ఆ గోడ మీద. డ్రమ్ములకి ఎయిర్ బ్యాగులు పెట్టమని మూడేళ్ళుగా మొత్తుకుంటా ఉండా మా వాళ్ళ దగ్గర. కింద అంతస్తులో పెట్టమని అడగొచ్చా?

బ్రిడ్జి_మీద_పలమనేరోడు
అడగొచ్చు. వినరు.

సార్, మీ రేలీ లెక్కకి నాకు మర్యాద ఉంది గానీ పెద్ద ప్రమాదాలు దాంట్లో నుంచి రావు. 1998 అక్టోబరులో ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడ ఉత్తర పసిఫిక్‌లో తుఫానులో ఇరుక్కుంది. అలలు ముందు నుంచి వస్తా ఉన్నాయి, పక్క నుంచి కాదు. పుస్తకం ప్రకారం పక్కలకి ఊగనే కూడదు. ఊగింది, 35, 40 డిగ్రీల దాకా. 400 కంటైనర్ల దాకా నీళ్ళపాలు. ఐదు డిగ్రీల ఊపు ఐదారు ఊపుల్లో ముప్పై దాటిపోతుంది. సిగ్మా 5 అని కూర్చున్నోడు అట్లే పోతాడు.

సిగ్మా_సార్
అది పారామెట్రిక్ రోలింగ్. అక్కడ అల ఓడని తొయ్యదు, స్ప్రింగునే మారుస్తుంది. అది వేరే సమీకరణం, ఈ పిల్లవాడి ప్రాజెక్టు పక్క అలలు. రెండూ కలిపి గందరగోళం చెయ్యొద్దు.

బ్రిడ్జి_మీద_పలమనేరోడు
సముద్రానికి మీ సిలబస్ తెలీదు సార్.

కొండమెట్టు_3550
🍿

పుత్తూరు_టు_వైజాగ్
ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. అల శిఖరం ఓడ మధ్యకి వస్తే, ముందూ వెనకా విచ్చుకున్న భాగాలు నీళ్ళ పైకి తేలి నిలబెట్టే బలం తగ్గుతుంది. పల్లం మధ్యకి వస్తే పెరుగుతుంది. ఓడ తన సహజ కాలంలో ఒకసారి ఊగే లోపల అలలు రెండు దాటితే, ప్రతి ఊపులోనూ సరైన క్షణంలో పట్టు సడలి, సరైన క్షణంలో బిగుస్తుంది. పిల్లోడు ఉయ్యాల మీద నిలబడి మోకాళ్ళు వంచి లేచి తనంతట తనే పైకి పోయినట్టు. ఎవరూ తొయ్యలేదు, కానీ ఊపు పెరిగింది.

స్టాటిస్టిక్స్ వాళ్ళకి ఇక్కడే అసలు కష్టం. పక్క అలల్లో ఒక పొడుగు రికార్డు ఉంటే చాలు, దాని సగటు అన్ని రికార్డుల సగటుకి సరిపోతుంది. పారామెట్రిక్ రోలింగ్‌లో అట్లా కాదు. అవే అలల స్పెక్ట్రమ్, అదే ఓడ, ఫేజులు మార్చి ఇరవై నిమిషాలు నడిపితే ఒకదాంట్లో 2 డిగ్రీలు కూడా ఊగదు, పక్కదాంట్లో 30 దాటుతుంది. ఒక్క రన్ చూసి ఏమీ చెప్పలేం. 2020లో ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) కొత్త స్టెబిలిటీ మార్గదర్శకాల్లో దీన్ని విడిగా పెట్టింది అందుకే.

సరళరేఖ సంగతి కూడా తేల్చుకో తమ్ముడూ. 15, 18 డిగ్రీల దాకా పరవాలేదు. ఆ పైన నిలబెట్టే బలం వంగిపోతుంది, ఒక కోణం దగ్గర మాయమవుతుంది. 1870 సెప్టెంబరులో హెచ్‌ఎంఎస్ కాప్టెన్ అనే యుద్ధనౌక బిస్కే అఖాతంలో తిరగబడి 480 మంది దాకా పోయారు. దాని బలం 21 డిగ్రీలకే గరిష్ఠానికి వచ్చి తగ్గడం మొదలు. అదే రాత్రి అదే దళంలో ఉన్న మోనార్క్‌కి 40 దాకా పెరుగుతూనే ఉండేది, అది బయటపడింది. సరళరేఖ పెట్టుకుని "ఓడ మునిగే సంభావ్యత" అనే అధ్యాయం మాత్రం రాయకు. సరళరేఖ మీద ఓడ ఎప్పటికీ మునగదు.

తిరుచానూరు_తెప్ప
రాసేసినా అన్నా. ఐదో అధ్యాయం. తీసేస్తా.

పాకాల_జంక్షన్
కోడ్ పని ఇట్లా చెయ్. ఎడం 0.003కి తగ్గించు, రిపీట్ 35 నిమిషాలకి పోతుంది. ఒక్కో రన్ 30 నిమిషాలే, మొదటి 5 పారేయ్, అవి ఓడ నిద్రలేచే టైము. ఇట్లాంటివి 200 సీడ్లతో, అంటే ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక ఫేజులతో. రిపీటయ్యే పొడుగు రికార్డు ఒక్కటి వద్దే వద్దు.

పుత్తూరు_టు_వైజాగ్
ఇంకొకటి కలుపు పాకాలా. ఫేజు మాత్రమే యాదృచ్ఛికం చేసి వ్యాప్తిని (ఒక్కో కొసైన్ తరంగం ఎత్తుని) స్పెక్ట్రమ్ నుంచి స్థిరంగా తీసుకుంటే, అలల మొత్తం శక్తి ప్రతి రన్‌లో ఒకటే అవుతుంది. నిజం సముద్రంలో ఇరవై నిమిషాలకీ ఇరవై నిమిషాలకీ తేడా ఉంటుంది. వ్యాప్తిని కూడా రేలీ నుంచి లాగాలి. టకర్, చాలెనర్, కార్టర్ 1984లో దీన్ని అందరూ చేసే పొరపాటు అని పేపర్ టైటిల్లోనే తిట్టారు. అయినా చేస్తూనే ఉన్నాం, నేను కూడా చేశాను.

(నాలుగు రోజుల తర్వాత)

తిరుచానూరు_తెప్ప
అయింది. 200 రన్లు, ఒక్కోటి 25 నిమిషాల పనికొచ్చే రికార్డు. రన్‌కీ రన్‌కీ సిగ్మా 4.2 నుంచి 5.9 దాకా ఊగింది, సగటు 5.0. ఈ తేడా నా పాత జిరాక్స్‌లో కనపడనే లేదు. కుర్టోసిస్ 2.8. ఒక్కో రన్ గరిష్ఠం తీసి 200 గరిష్ఠాలు వరసగా పెట్టినా, స్వతంత్రమైనవి అవే కదా సార్. వాటి మధ్యగతం 14.6 డిగ్రీలు. రేలీ ప్రకారం 125 ఊపులకి 16.1 రావాల్సింది. కె-ఎస్ పరీక్ష ఎత్తేసినా.

సిగ్మా_సార్
ఎత్తెయ్యకు. ఆ 200 గరిష్ఠాల మీద పెట్టు, అక్కడ న్యాయంగా పనిచేస్తుంది. పాతదాన్ని కూడా ఒక పేజీలో ఉంచు, ఎందుకు తప్పో రాసి. నేను ఎగ్జామినర్ని అయితే ఆ పేజీకే మార్కులు వేస్తా.

తోతాపురి_డ్రమ్ము
తమ్ముడూ, 20 డిగ్రీలు దాటింది ఎన్నిసార్లు? నాకు కావాల్సింది అదొక్కటే.

తిరుచానూరు_తెప్ప
మొత్తం 25,000 ఊపుల్లో రెండుసార్లు అన్నా. రేలీ లెక్కైతే 8 రావాల. కానీ ఇది నా కాగితం ఓడ, మీ డ్రమ్ములు పోయిన ఓడ కాదు.

తోతాపురి_డ్రమ్ము
రెండుసార్లు చాలు నాయనా నా డ్రమ్ములకి. ఇన్సూరెన్సు వాళ్ళకి ఏమని రాయాలి మరి?

బ్రిడ్జి_మీద_పలమనేరోడు
సగటు వద్దు, ఆ ప్రయాణం మొత్తంలో గరిష్ఠ ఊపు, దాని కాలం, మీ కంటైనర్ ఏ వరసలో ఏ అంతస్తులో ఉండిందో రాసిమ్మని అడుగు. స్టోవేజ్ ప్లాన్ (ఏ కంటైనర్ ఎక్కడ పెట్టారో చూపే పటం), లాగ్‌బుక్ కాపీ అడుగు. లాగ్‌లో "హెవీ రోలింగ్" అని రాసుంటే ఆ గంట చూపించు.

కొండమెట్టు_3550
గైడు గారు ఏమన్నారు తెప్పా?

తిరుచానూరు_తెప్ప
గ్రాఫు చూసి, బాగుంది, ఇంకా డేటా పెంచు అన్నారు.